కరెంటు పోగానే ఆఫీసు ఇంటర్‌కామ్ చచ్చిపోతోందా? కొత్త బ్యాటరీలు కొనేముందు చార్జర్‌ని కొలవండి

మన దగ్గర రోజూ నడిచే చర్చ 5000 ఎంఏహెచ్ గురించి, 120 వాట్ల ఫాస్ట్ చార్జింగ్ గురించి. ఈసారి కూడా బ్యాటరీ, చార్జర్ గురించే, కానీ ఫోన్ మాత్రం జేబులో పట్టేది కాదు. గోడకి బిగించిన ఓ బూడిద రంగు పెట్టె, దాని నుంచి వైర్లు పాకి వెళ్లిన ఇరవై నాలుగు ఎక్స్‌టెన్షన్లు, కింద ఒక చార్జర్, నాలుగు బ్యాటరీలు. ఈపీఏబీఎక్స్ అంటారు. మీ నాన్నగారి ఆఫీసులోనో, మీ కాలేజీలోనో, ఊళ్లోని నర్సింగ్ హోమ్‌లోనో ఇప్పటికీ ఒకటి ఉండే ఉంటుంది. కరెంటు పోయిన నిమిషానికి అది కూడా పోతూ ఉంటుంది.

మా మావయ్య పలాస దగ్గర ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తారు. అక్కడి సిస్టమ్ కొని పదిహేనేళ్లు దాటింది. "ఇంకా ఇంటర్‌కామ్ ఏంటి మావయ్యా, అందరి దగ్గరా సెల్‌ఫోన్లు ఉన్నాయి కదా" అని నేనూ నవ్వాను. విషయం ఏంటంటే గ్రేడింగ్ హాల్లోకి సెల్‌ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గరే పెట్టేసి రావాలి. బాయిలర్ దగ్గర మోతకి సెల్ మోగినా వినపడదు, ఇంటర్‌కామ్‌కి పెద్ద గంట తగిలించి ఉంది. పోయిన వేసవిలో ఒక సాయంత్రం కరెంటు పోయిన టైములో హాల్లో ఒకావిడ కళ్లు తిరిగి పడిపోయింది. పక్కనున్నవాళ్లు ఆఫీసు నంబరు నొక్కితే రిసీవర్‌లో చప్పుడే లేదు. చివరికి ఒకమ్మాయి ఎండలో పరిగెత్తుకెళ్లి చెప్పింది. ఆవిడకి ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రే మావయ్య నుంచి ఫోన్ వచ్చింది: "ఒరే, రెండేళ్లలో రెండుసార్లు బ్యాటరీలు కొన్నాం. ఓపాలి వచ్చి చూసీ, ఏటో తేలిపోద్ది."

నేను చదివింది కంప్యూటర్ సైన్స్. హార్డ్‌వేర్ మీద పిచ్చి తప్ప పెద్ద డిగ్రీ లేదు. ఒక మల్టీమీటర్, నాలుగు కారు బల్బులు, రెండు శనాదివారాలు పట్టింది. అందులో తెలుసుకున్నదే ఈ ఆర్టికల్.

ముందు జాగ్రత్తలు, సరదాకి కాదు

48 వోల్టులే కదా అని చెయ్యి పెట్టొద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండు టెర్మినల్స్ మధ్య స్పానర్ పడితే వందల ఆంపియర్లు పారతాయి, స్పానర్ ఎర్రగా కాలి అతుక్కుపోతుంది. ఉంగరం, చేతి కడియం, మెటల్ వాచీ తీసేయండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. చార్జింగ్ అవుతున్న బ్యాటరీల నుంచి కొద్దిగా హైడ్రోజన్ వస్తుంది, మూసిన గదిలో అగ్గిపుల్ల వెలిగించకండి. ఫోన్ లైన్లో రింగ్ వచ్చేటప్పుడు 75 వోల్టుల దాకా ఏసీ ఉంటుంది, గట్టిగానే కొడుతుంది. ఇక చార్జర్ మూత తీస్తే లోపల పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా కాసేపు. ఆ పని చెయ్యడం రాకపోతే మూత దాకా మాత్రమే మీ పరిధి. నేనూ అక్కడే ఆగాను.

ఇంకో మెలిక. టెలిఫోన్ లోకంలో పాజిటివ్‌ని ఎర్త్ చేస్తారు, నెగెటివ్ వైపు 48 వోల్టులు ఉంటుంది. తడి తగిలితే రాగి వైరు తుప్పు పట్టి కరిగిపోకుండా ఉండటానికి పాతకాలంలో ఎంచుకున్న పద్ధతి ఇది. నల్ల వైరంటే ఎర్త్ అనే అలవాటుతో బండి రిపేరు చేసినట్టు ఇక్కడ చేస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది.

పచ్చ లైటు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

నేను వెళ్లేసరికి చార్జర్ మీద పచ్చ లైటు చక్కగా వెలుగుతోంది. వాచ్‌మన్ తాత నాకు చెప్పిన మొదటి మాట కూడా అదే: "లైటు ఎలుగుతానే ఉంది కదా బాబూ, సార్జరు బాగున్నట్టే కదేటి?" ఇంతకుముందు వచ్చిన మెకానిక్ కూడా అంతే అనుకుని ఉంటాడు. ఆ లైటు చెప్పేది ఒక్కటే, చార్జర్ అవుట్‌పుట్ దగ్గర ఎంతో కొంత డీసీ ఉంది అని. అది సరిపడా ఉందా, బ్యాటరీ దాకా చేరుతోందా, బ్యాటరీ దాన్ని పట్టి ఉంచుతోందా, ఇవేవీ ఆ లైటుకి తెలీదు.

స్మార్ట్‌ఫోన్‌తో పోల్చి చూస్తే తేడా అర్థమవుతుంది. మన ఫోన్లో బ్యాటరీని కాపలా కాసే చిప్ ఒకటి ఉంటుంది. ఎంత శాతం ఉంది, ఎంత వేడిగా ఉంది, ఎప్పుడు చార్జింగ్ ఆపాలి అన్నీ అదే చూస్తుంది. ఈ పాత సిస్టమ్‌లో అలాంటి తెలివి ఏమీ లేదు. ఏడాది పొడుగునా బ్యాటరీకి ఒక స్థిరమైన వోల్టేజీ ఇస్తూ కూర్చుంటుంది, దీన్నే ఫ్లోట్ చార్జింగ్ అంటారు. ఫోన్ బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపితే మంచిదని మనం చెప్పుకుంటాం. లెడ్ యాసిడ్‌కి అది విషం. సగం చార్జ్‌లో వారాల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, మళ్లీ చార్జ్ ఎక్కదు. దానికి ఎప్పుడూ కడుపు నిండుగా ఉండాలి, అలాగని పొంగిపోకూడదు.

లెక్కలు కూడా ఒకసారి చూద్దాం. ఇక్కడ ఉన్నవి 12 వోల్టుల 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీలు నాలుగు, ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో. మొత్తం 336 వాట్ అవర్స్. 5000 ఎంఏహెచ్ ఫోన్లో ఉండేది సుమారు 19. అంటే పదిహేడు ఫోన్ల బ్యాటరీలంత. సిస్టమ్ మొత్తం లాగేది ఎంతో మీటర్ సిరీస్‌లో పెట్టి చూస్తే 0.6 ఆంపియర్. కొత్త బ్యాటరీలైతే తొమ్మిది, పది గంటలు నడవాలి. నడుస్తున్నది నిమిషం.

మొత్తం చూసి మోసపోకండి, విడివిడిగా కొలవండి

మీటర్‌ని నాలుగు బ్యాటరీల రెండు చివర్ల మధ్య పెట్టాను, చార్జర్ ఆన్‌లో ఉండగానే. 54.9 వోల్టులు. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంది. 12 వోల్టుల బ్యాటరీకి ఫ్లోట్ 13.5 నుంచి 13.8 ఉండాలి, నాలుగింటికి 54 నుంచి 55.2. చాలామంది ఇక్కడే ఆగి "వోల్టేజీ కరెక్టుగానే ఉంది" అంటారు.

అప్పుడు ఒక్కొక్క బ్యాటరీ మీద పెట్టి చూశాను. 14.6, 14.7, 14.5, ఆఖరిది 11.1.

కూడితే అదే 54.9. సంగతి బయటపడింది. ఒక్కో బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి సుమారు 2.2 నుంచి 2.3 వోల్టులు. ఆఖరి బ్యాటరీలో ఒక సెల్ లోపల షార్ట్ అయిపోయి అయిదే మిగిలాయి, అందుకే 11.1. చార్జర్‌కి మొత్తం మాత్రమే కనిపిస్తుంది కాబట్టి ఈ లోటుని మిగతా మూడింటి నెత్తిన రుద్దింది. అవి రోజంతా 14.6 దగ్గర ఉడికిపోతున్నాయి. అది కాసేపు ఇచ్చే బూస్ట్ వోల్టేజీ, నెలల తరబడి ఇచ్చేది కాదు. లోపలున్న నీరు ఆవిరై పోతుంది, సీల్డ్ బ్యాటరీ కాబట్టి మళ్లీ పోయడానికి ఉండదు. రెండింటి పక్కలు చేత్తో తడిమితే ఉబ్బినట్టు తెలుస్తూనే ఉంది.

చరిత్ర అడిగితే కథ పూర్తయింది. రెండేళ్ల కిందట నాలుగూ మార్చారు. ఎనిమిది నెలల కిందట ఒకటి పోతే, ఆ ఒక్కటే మార్చారు. ఖర్చు మిగిలిందనుకున్నారు. నిజానికి సిరీస్‌లో పాతవాటి మధ్య కొత్తది పెడితే ఒక్కోటి ఒక్కో తీరుగా చార్జ్ ఎక్కుతుంది, ఒక్కో తీరుగా దిగుతుంది. బలహీనమైనది ప్రతి కరెంటు కోతలోనూ ముందుగా అడుగంటి, తర్వాత రివర్స్ అయ్యేదాకా కూడా వెళ్తుంది. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే కెపాసిటీ, వీలైతే ఒకే తయారీ నెల ఉండేలా ఒకేసారి మార్చాలి. ఈ ఒక్క విషయంలో పిసినారితనం పనికిరాదని నా అభిప్రాయం.

మీరు కూడా చూడాలనుకుంటే వరస ఇది. చార్జర్ ఆన్‌లో ఉండగా విడివిడిగా కొలవండి. రెండింటి మధ్య సగం వోల్టు కంటే ఎక్కువ తేడా ఉంటే అనుమానించండి. తర్వాత చార్జర్ తప్పించి రెండు మూడు గంటలు వదిలేసి మళ్లీ కొలవండి. ఆరోగ్యంగా, నిండుగా ఉన్నది 12.8 దగ్గర నిలబడుతుంది. 12.2 అంటే సగం ఖాళీ. 11 లోపు ఉంటే సెల్ పోయినట్టే.

అయినా వోల్టేజీ ఒక్కటే చూసి బ్యాటరీకి సర్టిఫికెట్ ఇవ్వకండి. ప్లేట్లు ఎండిపోయిన బ్యాటరీ కూడా ఖాళీగా ఉన్నప్పుడు 12.7 చూపించి నమ్మిస్తుంది. బరువు మోయమంటేనే బండారం బయటపడుతుంది. దీనికి లోడ్ టెస్టర్ కొనక్కర్లేదు. ఆటో స్పేర్ పార్టుల షాపులో దొరికే 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు చాలు. సుమారు 1.75 ఆంపియర్ లాగుతుంది. కొత్త 7 ఏహెచ్ బ్యాటరీ ఆ బల్బుని 10.5 వోల్టులకు పడేలోపు రెండున్నర గంటలకు పైగా వెలిగించాలి. 7ని 1.75తో భాగిస్తే నాలుగు గంటలు రావాలి కదా అంటారేమో. బ్యాటరీ మీద రాసిన 7 ఏహెచ్ ఇరవై గంటల్లో మెల్లగా తాగితే వచ్చే లెక్క, గబగబా తాగితే తగ్గుతుంది. మా మూడు "మంచి" బ్యాటరీల్లో ఒకటి పదకొండు నిమిషాలు వెలిగించింది. మిగతా రెండూ అరగంట లోపే.

కొత్తవి వేశాం, మూడు వారాల్లో మళ్లీ అదే

ఇక్కడితో అయిపోయి ఉంటే ఈ ఆర్టికల్ రాసేవాడినే కాదు. కొత్త బ్యాటరీలు నాలుగు వేసి, టెర్మినల్స్ బిగించి, మావయ్య ఇంట్లో చేపల పులుసు తిని వైజాగ్ బస్సెక్కాను. మూడు వారాల తర్వాత ఫోన్. ముందు రోజు మధ్యాహ్నం మూడు గంటల కోతకి ఇంటర్‌కామ్ చక్కగా పనిచేసిందట. అందరూ సంతోషించారు. మళ్లీ ఆ రాత్రి పోయింది, మర్నాడు పొద్దున కూడా పోయింది. ఆ మూడోసారి పది నిమిషాల్లో ఆరిపోయింది.

మావయ్యకి వీడియో కాల్‌లో మీటర్ పట్టించాను. కరెంటు వచ్చి ఆరు గంటలైనా ఒక్కో బ్యాటరీ 11.6 దగ్గరే ఉంది. నాలుగూ సమానంగా ఉన్నాయి కాబట్టి తప్పు బ్యాటరీది కాదు. తాగడానికి నీళ్లే రావట్లేదు. నేను మొదటిసారి చార్జర్ వోల్టేజీ చూశాను గానీ, చార్జర్ చేత పని చేయించి చూడలేదు. బ్యాటరీకి బల్బు పెట్టి టెస్టు చేసినవాడిని చార్జర్‌ని మాత్రం పచ్చ లైటు చూసినట్టే చూసి వదిలేశాను. తప్పు నాదే.

తర్వాతి శనివారం బ్యాటరీలు, సిస్టమ్ రెండూ విప్పేసి చార్జర్ ఒక్కదాన్నే ఉంచాను. ఖాళీగా 54.6. అప్పుడు నాలుగు 21 వాట్ల బల్బుల్ని సిరీస్‌లో కట్టి తగిలించాను. మీటర్ 41కి పడిపోయింది, లోపల నుంచి టిక్, టిక్, టిక్ అని చప్పుడు, బల్బులు మిణుకు మిణుకు. ఒక మాట, చల్లగా ఉన్న బల్బు ఫిలమెంట్ మొదట్లో చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది, కాబట్టి మంచి చార్జర్ కూడా తొలి సెకను తడబడొచ్చు. తర్వాత నిలదొక్కుకోవాలి. ఇది నిలదొక్కుకోలేదు. దీని మీద రాసి ఉన్నది 3 ఆంపియర్లు, మనం అడిగింది 1.75. ఒక్క సిస్టమ్ అడిగే 0.6 ఇవ్వగలుగుతోంది. కరెంటు ఉన్నప్పుడు ఫోన్లన్నీ బాగా పనిచేసేది అందుకే. బ్యాటరీకి ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ మిగలట్లేదు.

కాశీబుగ్గలో టీవీలు, మిక్సీలు బాగుచేసే అన్న ఒకాయన దగ్గరికి పట్టుకెళ్లాం. మూత తీసి, కెపాసిటర్‌ని డిశ్చార్జ్ చేసి, పది సెకన్లలో వేలు పెట్టి చూపించాడు. అవుట్‌పుట్ వైపు రెండు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల నెత్తి బుడిపెల్లా ఉబ్బి ఉంది. లోపలి ద్రవం ఎండిపోతే కెపాసిటర్ రెసిస్టెన్స్ పెరుగుతుంది, లోడ్ పడగానే వోల్టేజీ ఊగిపోతుంది, సర్క్యూట్ భయపడి ఆపేసి మళ్లీ మొదలెడుతుంది. ఆ టిక్ టిక్ అదే. 105 డిగ్రీల రేటింగ్ ఉన్నవి, అదే కెపాసిటీ, అంతకు తగ్గని వోల్టేజీవి రెండు వేశాడు. అయిన ఖర్చు ఒక బిర్యానీ అంత కూడా లేదు. దానికోసం ఫ్యాక్టరీ రెండేళ్లలో అయిదు బ్యాటరీలు కొంది, నేను కొనిపించిన నాలుగూ కలిపితే తొమ్మిది.

బల్బులు మళ్లీ తగిలించాం. 54.5. కదలకుండా వెలిగాయి.

చార్జర్ బాగుండి కూడా బ్యాటరీ నిండకపోతే మధ్యలో దారి చూడండి. చార్జింగ్ అవుతుండగా ఫ్యూజుకి అటూ ఇటూ మీటర్ పెట్టండి, ఒక్కో లగ్గుకీ దాని టెర్మినల్‌కీ మధ్య పెట్టండి. దాదాపు సున్నా రావాలి. మాకు రెండో, మూడో బ్యాటరీల మధ్య వైరు దగ్గర 0.4 వోల్టు కనిపించింది. విప్పితే లగ్గు కింద పచ్చగా, తెల్లగా పొడి. సముద్రం అంత దగ్గర్లో ఉంటే ఉప్పు గాలి చేసే పనే ఇది. గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ పూశాం.

అసలు నిందితుడు అల్మారా

ఇంతకీ బ్యాటరీలూ, కెపాసిటర్లూ రెండూ ఎందుకు అంత త్వరగా పోయాయి? చార్జర్, బ్యాటరీలు ఉన్నది ఇనుప అల్మారాలో. కింది అరలో చార్జర్, సరిగ్గా దాని గాలి రంధ్రాల పైన బ్యాటరీలు. పైన రేకుల కప్పు. గదిలో 34 డిగ్రీలు ఉంటే అల్మారాలో 41. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల లెక్కన చెబుతారు. దాని మీద ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సగం అవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకీ ఇంచుమించు అదే సూత్రం.

ఇక్కడ చిన్న పక్కదారి. మన దేశంలో సీ-డాట్ సంస్థని 1984లో పెట్టినప్పుడు వాళ్లు పట్టుకున్న సమస్య కూడా ఈ వేడే. విదేశీ ఎక్స్ఛేంజీలకు ఏసీ గది కావాలి, మన పల్లెల్లో అది కుదిరే పని కాదు. అందుకే ఏసీ లేకుండా పనిచేసే 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజీ తయారుచేశారు, మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఎలక్ట్రానిక్స్‌ని మన ఎండకు అలవాటు చేశారు గానీ, పక్కన కూర్చునే లెడ్ యాసిడ్ బ్యాటరీ కెమిస్ట్రీని ఎవరూ అలవాటు చేయలేరు. దానికి నీడ, గాలి ఇవ్వాల్సిందే.

బ్యాటరీల్ని అల్మారా నుంచి తీసి, మెట్ల కింద నీడలో, నేలకి అడుగు ఎత్తులో చెక్క బల్ల మీద పెట్టించాం, ఒక్కోదాని మధ్య వేలు పట్టేంత ఖాళీ వదిలి. అక్కడ 35 మించదు. ఇంకో సర్దుబాటు కూడా చేశాం. వేడి పెరిగేకొద్దీ ఫ్లోట్ వోల్టేజీ తగ్గించాలి, ఒక్కో సెల్‌కి ఒక్కో డిగ్రీకి సుమారు 3 మిల్లీ వోల్టులు. 24 సెల్స్, 10 డిగ్రీల తేడా, అంటే 0.72 వోల్టు. కొత్త చార్జర్లు ఇది సెన్సార్‌తో వాటంతటవే చేసుకుంటాయి. దీనికి అంత సీన్ లేదు కాబట్టి ఆ అన్న చేతే లోపలి స్క్రూ తిప్పించి 54.6ని 53.9కి దించాం. పక్కనే బ్యాటరీ కరెంటు లిమిట్‌కి ఇంకో స్క్రూ ఉంది. 7 ఏహెచ్ బ్యాటరీల మీద మొదటి కరెంటు 2.1 ఆంపియర్ మించొద్దని ముద్రించి ఉంటుంది, దాన్ని 1.8 దగ్గర పెట్టాం.

కరెంటు వచ్చాక నంబర్లు మారిపోతే

ఇది వేరే జబ్బు, కానీ జనం దీన్నీ బ్యాటరీ బ్యాంకు మీదే తోసేస్తారు. పూర్తిగా ఆరిపోయి మళ్లీ వచ్చాక గేటుకి చేస్తే గోడౌనులో మోగుతోందా? తేదీ ఎప్పటిదో చూపిస్తోందా? మెయిన్ బోర్డు మీద మెమరీకి ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. కొన్నింటిలో 3 వోల్టుల నాణెం సెల్, పాతవాటిలో 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం. ప్రోగ్రామింగ్ అంతా దాని మీదే బతుకుతుంది. పెద్ద బ్యాటరీలు బాగున్నంత కాలం ఇది పోయినట్టు ఎవరికీ తెలియదు.

నాణెం సెల్ అయితే మార్చడం తేలికే. ముందు ఏ ఎక్స్‌టెన్షన్ ఎక్కడిదో, బయటి లైను ఎవరికి ఉందో కాగితం మీద మొత్తం రాసుకోండి. నికెల్ కాడ్మియం అయితే వెంటనే చూడండి, ఎందుకంటే అది చచ్చేటప్పుడు కారుతుంది. ఆ క్షారం బోర్డు మీద రాగి గీతల్ని తినేస్తుంది, అప్పుడు పోయేది సెల్ కాదు, సిస్టమే. మా దాంట్లో పచ్చ మరక ఇంకా సెల్ కాళ్ల దగ్గరే ఉంది. పవర్ ఆపి, సెల్ విప్పించి, దూదికి కాస్త వెనిగర్ అద్ది తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగాం. పూర్తిగా ఆరాకే కొత్తది వేయించాం.

తుఫాను లెక్క వేరు

మామూలు కోతకి తొమ్మిది గంటలు ఎక్కువే. కానీ మనది ఉత్తరాంధ్ర. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి, రోజుల తరబడి చీకటి. సెల్ టవర్లు కూడా బ్యాటరీ, డీజిల్ ఉన్నంతవరకే. అలాంటప్పుడు ఫ్యాక్టరీ గోడల లోపల గేటు నుంచి గోడౌనుకి మాట్లాడుకోవడానికి టవరూ అక్కర్లేదు, ఇంటర్నెట్టూ అక్కర్లేదు. ఈ బూడిద పెట్టె, దాని బ్యాటరీ చాలు.

మావయ్య అడిగింది అదే: "ఒక రోజంతా నడవాలంటే ఏం చెయ్యాలి?" 26 ఏహెచ్ బ్యాటరీలు నాలుగు. ముసలివై 80 శాతానికి వచ్చాక కూడా 26 ఇంటూ 0.8 బై 0.6, అంటే 34 గంటలు. అయితే బ్యాటరీ పెద్దదైతే చార్జర్ కూడా తూగాలి. ఏహెచ్‌లో కనీసం పదోవంతు కరెంటు ఇవ్వాలన్నది మామూలు లెక్క, అంటే 2.6. మన 3 ఆంపియర్ల చార్జర్ సిస్టమ్‌కి 0.6 ఇచ్చాక 2.4 మిగులుస్తుంది. అంచు మీద ఉంది, కానీ నడుస్తుంది. ఖాళీ నుంచి నిండడానికి పదిహేను గంటలు పడుతుంది. అదే చార్జర్‌కి 65 ఏహెచ్ తగిలిస్తే ఎప్పటికీ సగం ఆకలితోనే ఉండి సల్ఫేట్ పట్టి చస్తుంది.

కామెంట్లలో ఎలాగూ అడుగుతారు, లిథియం వేస్తే? లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వేడిని ఇంతకంటే బాగా తట్టుకుంటుంది, బరువు తక్కువ, నాకూ ఇష్టమే. అయితే 12.8 వోల్టుల ప్యాకులు నాలుగు కొని సిరీస్‌లో పెట్టేయకండి. లోపలి రక్షణ సర్క్యూట్ సిరీస్‌కి పనికొస్తుందని తయారీదారు రాసి ఉంటేనే పెట్టాలి, లేదంటే ఒక ప్యాకు కట్ అయిన క్షణాన మొత్తం వోల్టేజీ దాని మీద పడి ఆ సర్క్యూట్ కాలిపోతుంది. వేస్తే 16 సెల్స్ ఉన్న 51.2 వోల్టుల ఒకే ప్యాకు వేయాలి, చార్జర్ దానికి సెట్ చేసి ఉండాలి. పదిహేనేళ్ల చార్జర్‌తో ఆ ప్రయోగం నేను చేయను.

పాత బ్యాటరీల్ని చెత్తలో వేయకుండా షాపువాడికే ఇచ్చాం, తూకానికి డబ్బులు కూడా తగ్గించాడు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. పాత ఇనుము వాళ్లకి అమ్మితే పగలగొట్టి యాసిడ్ కాలవలో పోస్తారు.

ఆదివారం పరీక్ష

అంతా బిగించాక ఒక ఆదివారం, ఫ్యాక్టరీ మూసి ఉన్నప్పుడు, పొద్దున ఆరింటికి చార్జర్ స్విచ్ ఆపేశాం. వాచ్‌మన్ తాత గంట గంటకీ గేటు నుంచి ఆఫీసుకి ఫోన్ చేసి "ఉందా బాబూ?" అని అడగడం, నేను మీటర్ చూసి నోట్‌బుక్‌లో రాయడం. మధ్యాహ్నం మూడింటికి 47.1. ఒక్కోటీ 11.7కీ 11.8కీ మధ్యే, నాలుగూ దాదాపు ఒకేలా. అక్కడితో ఆపి చార్జర్ వేశాం, బ్యాటరీలోకి 1.8 ఆంపియర్ వెళ్తోంది. సోమవారం పొద్దున మావయ్య మీటర్ ఫొటో పంపారు, 53.9 వోల్టులు, 40 మిల్లీ ఆంపియర్లు. ఆ పేజీ చింపి అల్మారా తలుపు లోపల అతికించాం. ఆర్నెల్లకోసారి ఇదే పరీక్ష చేసి ఆ కింద రాయాలి. తర్వాతి తేదీ తాతే వేశాడు, సెప్టెంబరు ఆఖరి ఆదివారం, తుఫాన్ల సీజను మొదలయ్యేముందు.